చేసిన కొలువులు నాలుగు... చెప్పుకోలేక అవస్థలు
దుబాయి నుంచి వచ్చినవారు బయోడేటా రాసుకునేదెలా?

జగిత్యాల: కొన్నాళ్లు ట్రాక్టరు నడిపారు. కొన్నాళ్లు లారీ మీద తిరిగారు. దుబాయి వెళ్లి మేస్త్రీ కింద పనిచేశారు, ఆపై ట్యాంకరు తోలారు. ఊరికి తిరిగి వచ్చాక బోరు మోటార్లు బాగు చేస్తున్నారు. జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా ఇటువంటివారు తారసపడతారు.

చేతిలో ఇన్ని పనులున్నా కొలువు అడగబోయే సరికి వీరికి నోరు పెగలదు. మొదటి నుంచి చివరి దాకా ఏకరువు పెడితే ‘ఎక్కడా నిలకడ లేని మనిషి’ అనే ముద్ర పడుతోంది. ఆ భయంతో కొందరు ‘లేబరు పని చేశాను’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. దాంతో ఏళ్ల తరబడి సంపాదించిన అనుభవం లెక్కలోకి రాకుండా పోతోంది.

ఏళ్లు కలిపితేనే లెక్క

బడి బస్సు డ్రైవరు కొలువునే తీసుకుందాం. ఈ డ్రైవర్లకు భారీ వాహనాలు నడపడంలో కనీసం 5 ఏళ్ల అనుభవం ఉండాలని 1997లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒకరు ఇక్కడ 2 ఏళ్లు లారీ, సౌదీలో 3 ఏళ్లు నీళ్ల ట్యాంకరు, వచ్చాక మరో ఏడాది టిప్పరు నడిపారనుకుందాం. విడివిడిగా చెబితే మూడు చోట్ల మానేసిన మనిషి. ‘భారీ వాహనాలు - 6 ఏళ్లు’ అని పైన రాసి, ఆ మూడు చోట్లూ కింద వరుసగా వేస్తే అనుభవం గల డ్రైవరు. మనిషీ అతడే, పనీ అదే. రాసిన తీరులోనే తేడా.

కనుక బయోడేటాను పనుల వారీగా రాసుకోవాలి. అడగబోయే కొలువుకు అక్కరకొచ్చేది ముందు, మిగతావి తలా ఒక వాక్యం. కరెంటు పని ఖాళీ ఉన్నచోట మోటార్ల మరమ్మతు పైకి రావాలి, ట్యాంకరు కిందికి పోవాలి. ఒకే కాగితాన్ని జిరాక్సు తీసి అన్ని చోట్లా పంచితే ప్రయోజనం ఉండదు.

మధ్యలో పని లేని ఏళ్లుంటే దాచి తేదీలు సాగదీయరాదు. పాస్‌పోర్టు మీది ముద్రలే గుట్టు విప్పుతాయి. ‘తల్లి జబ్బు వల్ల ఏడాది ఇంటి దగ్గర ఉన్నాను’ అని ఉన్నమాట చెబితే సరిపోతుంది.

వచ్చే ముందే అడగాలి

నోటి మాటకు కాగితం తోడుండాలి. దుబాయి ఉన్న యుఎఇలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, పని ముగిసినప్పుడు కార్మికుడు అడిగితే యజమాని ఉచితంగా అనుభవ పత్రం ఇవ్వాలి. చేరిన తేదీ, మానిన తేదీ, చేసిన పని అందులో ఉండాలి. సౌదీ చట్టంలోనూ ఇటువంటి నిబంధన ఉంది. అయితే అడిగినవారికే ఆ పత్రం. విమానం ఎక్కాక అడగడం కష్టం. అక్కడున్న అన్నదమ్ములకు ఇంటివారు ఫోనులో ఈ మాట చెప్పడం మంచిది.

పత్రం లేనివారు కంపెనీ గుర్తింపు కార్డు, జీతం చీటీలు, వీసా పేజీలు, అక్కడి డ్రైవింగు లైసెన్సు నకళ్లు పారేయకుండా దాచుకోవాలి. ఇక్కడ పిఎఫ్ కట్టినవారికి ఆ పాసు పుస్తకమే సాక్ష్యం. చూసి నేర్చుకున్న పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే వీలును 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో కల్పించారు. అసంఘటిత కార్మికులు 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో తమ పనిని నమోదు చేయించుకోవచ్చు.

చదువు తక్కువైన వీరికి ఈ ఒక్క పేజీ రాసుకోవడమే పెద్ద పని. జాబ్ మేళాలు పెట్టే అధికారులు ఒక బల్ల వేసి, రాసిపెట్టే మనిషిని కూర్చోబెడితే ఎందరికో మేలు జరుగుతుంది. లేకుంటే వీరి దారి మళ్లీ ఏజెంటు ఇంటికే.