ఒక్క బొమ్మ.. చెప్పుకోండి చూద్దాం!

రాత్రి. పొగమంచు. వీధి దీపం పక్కన ఓ మనిషి. నెత్తిన టోపీ, చేతిలో పెట్టె. ఎదురింటి పై అంతస్తు కిటికీలోంచి అతని మీదికి వాలుగా పడుతున్న వెలుగు. అంతే! దయ్యం లేదు, నెత్తురు లేదు, కేక లేదు. ఏ సినిమాలోదో చెప్పగలరా?

‘ది ఎక్సార్సిస్ట్’ (1973) అని ఠక్కున చెప్పేశారా! అయితే మీరు ఆటలో ఉన్నట్టే.

అక్టోబరు 31 హాలోవీన్. అమెరికాలో పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు పోగేసుకునే రోజు. గుమ్మడికాయని తొలిచి, కళ్లూ నోరూ చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మంలో ఉంచుతారు. పిల్లల సందడి సద్దుమణిగాక పెద్దల సరదాలు మొదలు. అందులో ఒకటి ఈ ఆట. పాత హాలీవుడ్ దయ్యాల సినిమాలోంచి ఒకే ఒక్క దృశ్యాన్ని ఆపి చూపిస్తారు. కథ చెప్పరు, డైలాగు వినిపించరు. సినిమా పేరు చెప్పాలి.

భయంకరమైన మొహం కనిపిస్తేనే చెప్పగలం అనుకుంటాం. కానీ ఒక్కోసారి ఏ మొహమూ అక్కర్లేదు. బడి ఆవరణలో పిల్లలెక్కి ఆడుకునే ఇనుప చట్రం, దాని నిండా వాలిన కాకులు కనిపిస్తే చాలు, అది హిచ్‌కాక్ ‘ది బర్డ్స్’ (1963). నారింజ, గోధుమ, ఎరుపు రంగుల ఆరు పలకల డిజైన్ తివాచీ ఉంటే కుబ్రిక్ ‘ది షైనింగ్’ (1980). స్నానాల గదిలో తూములోకి సుడులు తిరుగుతూ పోతున్న నల్లటి నీళ్లు... ఇంకేముంది, ‘సైకో’ (1960)! ఆ నలుపు నెత్తురు కాదు, చాక్లెట్ సిరప్. బ్లాక్ అండ్ వైట్‌లో అదే బాగా నప్పిందట. తెరమీద నిమిషం కూడా ఉండని ఆ హత్యని తీయడానికి వారం పట్టింది.

మొదట చెప్పుకున్న వీధి దీపం బొమ్మా ఊరికే కుదిరింది కాదు. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ వేసిన పెయింటింగ్‌ల నుంచి దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ ఆ ఊహ తీసుకున్నాడు. వాటిలో పైన పట్టపగటి ఆకాశం, కింద వీధిలో చీకటి, ఒంటరి దీపం ఉంటాయి. ఇక ఆ పెట్టె పట్టుకున్న ముసలి ఫాదర్... నటుడు మాక్స్ వాన్ సిడోకి అప్పటికి నిండా నలభై అయిదేళ్లు లేవు. ముసలితనమంతా డిక్ స్మిత్ మేకప్పే.

ఆటలో తికమక పెట్టేవీ ఉన్నాయి. మెట్ల పక్క గోడ మీద పొడుగు వేళ్ల నీడ చూసి హాలీవుడ్ అనుకుంటే బోల్తా పడ్డట్టే. అది జర్మనీలో తీసిన ‘నాస్ఫరాటు’ (1922). అంతకంటే గడుసు ప్రశ్న 1931 నాటి ‘డ్రాకులా’. పాడుబడ్డ కోట, పెద్ద మెట్లు, సాలెగూడు. బేలా లుగోసి సినిమా అని ఎవరైనా చెప్పేస్తారు. కానీ పగలు ఇంగ్లిషు సినిమా తీసిన సెట్ల మీదే, రాత్రిళ్లు వేరే నటులతో స్పానిష్ ‘డ్రాకులా’ కూడా తీశారు. మనిషి లేని బొమ్మ చూపిస్తే ఎవరిదని చెప్తారు!

ప్రశ్నార్థకం వెనక

చదునైన నెత్తి, మెడకి చెరో పక్కా ఇనుప మేకులు. దీన్ని గుర్తుపట్టనివాళ్లుండరు. అయితే చాలామంది ఆ రూపం పేరే ఫ్రాంకెన్‌స్టైన్ అనుకుంటారు. అది దాన్ని తయారు చేసిన శాస్త్రవేత్త పేరు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1931) మొదట్లో వచ్చే పేర్లలో ఆ వేషం ఎదురుగా ఉండేది ఒక్క ప్రశ్నార్థకం! బోరిస్ కార్లోఫ్ అన్న పేరు సినిమా అయ్యాకే తెరమీదికొచ్చింది. ఆ మొహాన్ని రోజూ గంటల తరబడి కూర్చుని తీర్చిదిద్దిన మేకప్‌మేన్ జాక్ పియర్స్‌ని, 1940ల ద్వితీయార్ధంలో అదే స్టూడియో ఇంటికి పంపేసింది.

మిలిసెంట్ పాట్రిక్‌ది ఇంకా అన్యాయం. ‘క్రియేచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’ (1954)లో చేప పొలుసులు, మొప్పలతో ఉన్న ఆ నీటి జీవి రూపం గీసింది ఆమే. ప్రచారం కోసం స్టూడియో ఆమెని ఊరూరా తిప్పింది. పేరంతా ఆమెకి పోతోందని మేకప్ విభాగం పెద్దకి గిట్టలేదు. తెర మీద ఆమె పేరు పడలేదు, ఆ తర్వాత పనీ ఇవ్వలేదు. ఆమె 1998లో కన్నుమూసింది. ఆమె కథ నలుగురికీ తెలిసింది మాత్రం 2019లో పుస్తకం వచ్చాకే.

డబ్బు లేనిచోట బుర్రకి పదునెక్కుతుంది కాబోలు. ‘హాలోవీన్’ (1978)లో హంతకుడి తెల్లటి మొహం కోసం, ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కిర్క్ ముసుగుని రెండు డాలర్ల లోపే కొని తెల్లరంగు పూశారు. షూటింగేమో కాలిఫోర్నియాలో, వసంతకాలంలో. కథలో రాలాల్సినవి శరదృతువు ఆకులు. కాగితాలకి రంగేసి చల్లి, షాట్ అవగానే ఏరి మళ్లీ వాడారు. ఇల్లినాయ్ పల్లెటూరి వీధిలో తాటిజాతి చెట్టు తొంగిచూస్తుంటే... అది ఆ సినిమాయే అనుకోవచ్చు.

ఫొటోలే మిగిలిన సినిమా

లాన్ చానీ తన మేకప్ తనే వేసుకునేవాడు. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ (1925) విడుదలయ్యేదాకా ఆయన మొహం ఫొటో బయటికి పొక్కకుండా స్టూడియో దాచింది. హాల్లో కథానాయిక ముసుగు లాగేసినప్పుడే జనం చూడాలని.

ఆయనదే ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ (1927) గతి దీనికి పూర్తిగా తిరగబడింది. పొడుగు టోపీ, రంపంలాంటి పళ్లు, గుడ్లురిమే కళ్లు. ఆ బొమ్మని పాత సినిమాల అభిమానులు క్షణంలో పట్టేస్తారు. కానీ సినిమా లేదు. అందరికీ తెలిసిన ఆఖరి ప్రింటు 1965లో ఎంజీఎం గిడ్డంగి అగ్నిప్రమాదంలో బూడిదైంది. 2014లో దాని వాల్‌పోస్టరు ఒకటి వేలంలో 4,78,000 డాలర్లు పలికింది. 2002లో టర్నర్ క్లాసిక్ మూవీస్ ఛానల్, దొరికిన ఫొటోలన్నీ పాత స్క్రిప్టు ప్రకారం పేర్చి, ముప్పావుగంట పాటు చూపించింది. అందులో కదిలే చానీ ఒక్కచోటా లేడు.