మలుపులో మొండికేసే కారు

స్టీరింగ్ ఎడమకు తిప్పారు. కారేమో నేరుగా గట్టు మీదకే పోతానంటోంది! ముందు చక్రాలు పట్టు తప్పి జారడమే కారణం. దీన్నే 'అండర్‌స్టీర్' అంటారు.

ఇంగ్లండ్‌లోని షెల్స్‌లీ వాల్ష్ కొండదారిలో కార్ల పోటీలు 1905లో మొదలయ్యాయి. దూరం 1000 గజాలే. ఇలాంటి పోటీల్లో సరదాగా పాల్గొనే ఆడవాళ్లూ మగవాళ్లూ పాత స్పోర్ట్స్ కార్లు తెస్తుంటారు. 1962-80 మధ్య తయారైన 'ఎంజీబీ' అలాంటిదే. మరి దాని మొండితనం వదిలించేదెలా?

ముందు మీ కాలిని అదుపు చేసుకోండి. బ్రేకు మలుపుకి ముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే వేయాలి. జారుతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పడం దండగ. యాక్సిలరేటర్ నెమ్మదిగా సడలిస్తే బరువు ముందుకొచ్చి చక్రాలకు పట్టు దొరుకుతుంది.

తరవాత టైర్లు. అంచున చాక్‌పీసుతో గీత గీసి, ఒక రౌండు నడిపి చూడండి. అంచు దగ్గర గీత చెరగకపోతే గాలి ఎక్కువైనట్టు. పక్కల దాకా చెరిగిపోతే తక్కువైనట్టు.

కారు ఒరిగిపోకూడదని చాలామంది ముందువైపు లావుపాటి యాంటీరోల్ బార్ బిగిస్తారు. దాంతో జారుడు ఇంకా పెరగొచ్చు. దానికి బదులు, ముందు చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలేలా ప్రత్యేక బుష్‌లు వేయిస్తే మలుపులో టైరు నేలకు బాగా ఆనుతుంది. పోటీ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి.

అన్నీ ఒకేసారి మార్చకండి. కూరలో ఉప్పులాగే, కొంచెం వేసి రుచి చూడాలి. మోతాదు మించితే ఈసారి వెనక చక్రాలు జారి బండి గిర్రున తిరుగుతుంది. అందుకే ఈ పరీక్షలన్నీ పోటీదారిలోనే. మామూలు రోడ్డు మీద వద్దు సుమా!