రాచపుండునకు మందును వేడిమియు

క్యాన్సరు వ్యాధిని మన పెద్దలు రాచపుండని పిలిచిరి. ఇందు దేహములోని జీవకణములు కొన్ని కట్టుదప్పి మితిమీఱి పెరుగును. వానిని జంపు మందులు లేకపోలేదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ అను మందును 1947వ సంవత్సరమున బోస్టను నగరమందు రక్తక్యాన్సరు గల పిల్లలకిచ్చుట అట్టి చికిత్సకు తొలిమెట్లలో నొకటి. అయితే యిట్టి మందు రక్తముతో గూడి దేహమంతటను వ్యాపించును. అందుచే వెండ్రుకలు రాలుట, వాంతులగుట, నెత్తురు తగ్గుట మున్నగు బాధలు కలుగుచుండును. రోగమున్న చోటికే మందును బంపుట యెట్లు?

ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అం దొక భాగము నానోమీటరు. మన తలవెండ్రుక మందము ఇంచుమించు 80,000 నానోమీటర్లు. నూఱు నానోమీటర్ల ప్రాంతమున నుండు రేణువులలో మందు నింపి రక్తములోని కెక్కింతురు. లైపోసోమను క్రొవ్వుబుడగలో డాక్సోరూబిసిన్ అను మందును నింపిన యౌషధమునకు అమెరికాలో 1995లో అనుమతి లభించెను. వ్యాధిగడ్డలోని రక్తనాళముల గోడలలో తఱచుగా సందు లుండును గాన రేణువులు వానిగుండ లోనికి దిగగలవు. అయినను గడ్డను జేరునది స్వల్పమే. కాలేయ ప్లీహములలో జిక్కునది విస్తారము.

ఇచ్చట వేడిమి తోడ్పడును. గడ్డను 41 మొదలు 43 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడిచేసినచో, రక్తనాళములు విప్పారి మందు హెచ్చుగా లోనికి బోవును; మందుచే దెబ్బతిన్న జీవకణము తన్ను తాను బాగుచేసికొను శక్తియు తగ్గును. ఆ వేడిని రేణువులే పుట్టింపగలవు. హ్యూస్టను నగరములోని రైస్ విశ్వవిద్యాలయమున నయోమీ హాలస్, జెన్నిఫర్ వెస్ట్ అను విదుషీమణులు బంగారుపూత గల రేణువులను గడ్డలోనికి బంపి, కంటికి గనబడని పరారుణ కిరణములచే వానిని వేడిచేయవచ్చునని 2003లో ప్రకటించిరి. ఇనుప ఆక్సైడు రేణువులైనచో, దిక్కు మార్చుకొనుచుండు అయస్కాంతశక్తిచే వేడెక్కును.

ఇక రెంటిని గలుపు విధము వినుడు. చలికాలమున సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె ఎండ తగులగానే కరుగును గదా. అట్లే కొంచెము వేడికే సడలు క్రొవ్వుబుడగలను గూర్చి మిల్టన్ యాట్విన్ మొదలగువారు 1978లోనే ప్రకటించిరి. అట్టి బుడగలో మందుతోబాటు బంగారమునో, ఇనుప ఆక్సైడునో చేర్చిన యెడల, వైద్యుడు వెలుపలనుండి వేడి పుట్టించినప్పుడే, పుట్టించిన చోటనే, మందు విడుదలయగును.

ఐనను తొందరపడి నమ్మరాదు. రేడియో తరంగములచే కాలేయపు గడ్డను వేడిచేయుచు, వేడికి సడలు బుడగలలో మందునిచ్చి 701 మంది రోగులతో జరిపిన పరీక్షలో ఆశించిన ఫలము రాలేదని 2013 జనవరిలో వెల్లడియయ్యెను. మందును వేడిమిని ఒక్కచోటనే మోయు రేణువులలో చాలభాగ మింకను ప్రయోగశాలలలోనే, ఎలుకలమీదనే పరీక్షింపబడుచున్నవి.

కావున విద్యార్థులారా, ఈ విద్యను శ్రద్ధతో నభ్యసింపుడు. భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును ఇందు చేయి కలిపినవి. తలిదండ్రులారా, మానని పుండుగాని, పెరుగు గడ్డగాని కనబడినచో క్రొత్తమందు వచ్చునని వేచియుండకుడు. శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయు, మందులును నేడే యున్నవి. వ్యాధి చిన్నదై యుండగనే వైద్యుని జేరువారికి వానివలన మేలు హెచ్చు. దేవుడొసగిన బుద్ధిని శాస్త్రజ్ఞుడు పరిశోధనకు వినియోగించుచున్నాడు. మనము కాలమును పోగొట్టుకొనకుండుటకు వినియోగింతము.