అంచు చిల్లుల్లో పుట్టిన ట్యాగ్

‘గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చెయ్యాలి.’ పనుల జాబితా యాప్‌లో దీన్ని ఎక్కడ పెట్టాలి? ‘ఇల్లు’ ఫోల్డర్‌లో పెడితే, నాలుగు ఫోన్లు ఒకేసారి చేసేద్దామని కూర్చున్నప్పుడు కనబడదు. ‘ఫోన్లు’ ఫోల్డర్‌లో పెడితే ఇంటి పనులు చూసుకునేటప్పుడు జారిపోతుంది. ఈ చిక్కు యాప్‌ది కాదు, కాగితానిది. ఒక కాగితం ఒకేసారి రెండు ఫైళ్లలో ఉండలేదు.

కంప్యూటర్‌కు ఆ ఇబ్బంది లేదు. అయినా కోరి తెచ్చుకుంది. 1965లో మల్టిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ కోసం రాబర్ట్ డేలీ, పీటర్ న్యూమన్ వివరించిన అమరికలో అరలోపల అర, దాని లోపల మరో అర. ఒకే ఫైలు రెండు చోట్ల కనబడేలా ‘లింకు’ వెసులుబాటునూ వాళ్లు అప్పుడే కల్పించారు. 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్ తెర మీదికి ఫోల్డర్ బొమ్మ ఎక్కింది. ఇక కాగితం కట్టుబాటే కంప్యూటర్ కట్టుబాటైంది.

విచిత్రమేమిటంటే, ఆ కట్టుబాటును కాగితమే అంతకుముందు తెంచుకుంది. 20వ శతాబ్దం మధ్యలో కోప్-చాట్, మెక్‌బీ కీసార్ట్ వంటి పేర్లతో అట్ట కార్డులు అమ్మేవారు. వాటి అంచుల వెంట వరసగా చిల్లులు. ఒక్కో చిల్లుకు ఒక్కో అర్థం. ఏ కార్డుకు ఆ లక్షణం ఉంటే దాని చిల్లును అంచు దాకా కత్తిరించి గంటు పెడతారు. కార్డుల కట్టలో ఆ చిల్లు గుండా దబ్బనంలాంటి చువ్వ దూర్చి, పైకెత్తి కుదిపితే గంటున్నవి జారి కింద పడతాయి, మిగతావి చువ్వకు వేలాడతాయి. పడ్డవాటిని మరో చిల్లు దగ్గర మళ్లీ గుచ్చితే రెండు లక్షణాలూ ఉన్నవే కింద పడతాయి. కార్డులను ముందుగా ఏ వరసలోనూ పేర్చనక్కర్లేదు. కరెంటూ అక్కర్లేదు. ఒక వస్తువుకు ఎన్నైనా తగిలించగల గుర్తే ట్యాగ్ అనుకుంటే, నా దృష్టిలో ఇవే అసలైన ట్యాగులు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ ఇదే చిక్కును వేరే వైపు నుంచి పట్టుకున్నారు. 1933లో ప్రచురించిన ఆయన కోలన్ వర్గీకరణలో పుస్తకాన్ని ముందే కట్టిన గడిలోకి తొయ్యరు. దాని విషయాన్ని ముఖాలుగా విడదీసి, ఆ ముక్కలను కలిపి సంఖ్య తయారుచేస్తారు. లండన్ దుకాణంలో చూసిన మెకానో బొమ్మల సెట్టు ఆయనకు ఈ ఊహ ఇచ్చిందంటారు.

వెబ్ వచ్చాక కథ వేగంగా సాగింది. 2003లో డెలీషియస్ అనే సైటు వెబ్ లంకెలకు ట్యాగులు తగిలించనిచ్చింది. 2004లో జీమెయిల్ ఫోల్డర్లకు బదులు లేబుళ్లు పెట్టింది. పనుల యాప్‌లలో మార్పు ఇంకా నెమ్మది: 2008లో వచ్చిన ఆమ్నిఫోకస్‌లో ఒక పనికి ఒక్క ‘సందర్భమే’ ఉండేది. 2018లో మూడో వెర్షన్‌తో గానీ దాని స్థానంలోకి ఎన్నైనా పెట్టుకోగల ట్యాగులు రాలేదు.

లోపల జరిగేది చిన్న సంగతే. సాధారణంగా పని రికార్డులో ఫోల్డర్‌కు ఒక్క గడే ఉంటుంది. ట్యాగులకైతే వేరే పట్టిక, అందులో ‘ఈ పని, ఈ ట్యాగ్’ అని ఎన్ని జతలైనా రాసుకోవచ్చు. రెండు ట్యాగులతో వెతికితే రెండు వరసల్లోనూ ఉన్న పనులే తేలతాయి. చువ్వ చేసినదీ అదే.

అయితే కార్డుకు ఒక మేలు ఉంది. అంచున చోటు కొంతే కాబట్టి ఏ లక్షణాలు కావాలో ముందే తేల్చుకోవాలి. యాప్‌లో ఆ అడ్డు లేదు. ‘అర్జెంట్’, ‘త్వరగా’, ‘ముఖ్యం’ అని మూడు ట్యాగులు పుట్టి మూడూ పనికిరాకుండా పోతాయి. ఏదో ఒకనాటికి ముగిసే వ్యవహారానికి ఫోల్డర్ చాలు: ఇంటి మరమ్మతు, అమ్మాయి పెళ్లి. ఎక్కడ, దేనితో, ఎవరితో చేయాలన్నదానికి ట్యాగ్: ఫోన్, బజారు, బ్యాంకు. వెతకడానికి ఎప్పుడూ వాడని ట్యాగ్ కనబడితే భయపడకుండా తీసేయండి. ట్యాగ్ తీసేస్తే పని ఎక్కడికీ పోదు. ఫోల్డర్‌ను తీసేసేటప్పుడు మాత్రం జాగ్రత్త, చాలా యాప్‌లలో దానితోపాటు లోపలి పనులూ చెరిగిపోతాయి.