ట్రాక్టరు నూనె బ్రేకులు: దోషముల గుర్తించు విధము

పెద్దలారా! ధాన్యపు బస్తాల ట్రక్కుతో కాలువగట్టు దిగు ట్రాక్టరునకు బ్రేకు పట్టనిచో ప్రాణములకే ముప్పు. కావున ట్రాక్టరు నడపు మీ పిల్లలకు ఈ నాలుగు మాటలు బోధింపుడు.

పెడలు త్రొక్కినపుడు సిలిండరులోని ద్రవము గొట్టముల ద్వారా ఆ ఒత్తిడిని చక్రముల కడకు చేర్చును. ద్రవము నొక్కిన కుదించుకొనదు, గాలి కుదించుకొనును. పెడలు మెత్తగా దిగి, పలుమారులు త్రొక్కినగాని గట్టిపడనిచో, గొట్టములలో గాలి చేరినదని యెరుగుడు.

బండిని చదునునేలపై నిలిపి, చక్రములకు రాళ్లడ్డము పెట్టుడు. ఒకరు పెడలు త్రొక్కిపట్టగా, వేరొకరు చక్రము కడ గాలి విడుచు మరను వదులు చేయవలెను. బుడగలతో ద్రవము వెడలును. మర బిగించిన పిమ్మటనే పెడలు విడువవలెను. బుడగలు మానువరకు ఇట్లే చేయుచు, డబ్బాలో ద్రవము తరుగకుండ పోయుచుండవలెను. యంత్రముతో నిచ్చిన పుస్తకమున చెప్పిన ద్రవమే పోయుడు. వేరుజాతి నూనె రబ్బరును ఉబ్బించి చెరచును.

త్రొక్కిపట్టిన పెడలు మెల్లగా క్రుంగినచో, ద్రవము కారుచున్నదన్నమాట. బయట తడి కానరానిచో సిలిండరులోని రబ్బరు వాషరు అరిగియుండును. బండి ఒక ప్రక్కకు లాగినచో, తరచు రెండవ ప్రక్క బ్రేకే బలహీనము.

రోడ్డెక్కుటకు ముందు కుడియెడమ పెడళ్లను కొక్కెముతో కలుపుట మరువరాదు. వేగమున ఒక్కటే త్రొక్కిన బండి తిరుగబడును. బ్రేకు బాగుపడువరకు కోతపని ఆగినను మేలే.