మీకు తెలుసా? ముగిసిన యుద్ధం మళ్లీ జరిగింది!

1991 ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో అమెరికా, ఇరాక్ దళాల మధ్య జరిగిన ‘73 ఈస్టింగ్’ ట్యాంకుల పోరును అమెరికా నిపుణులు ఆ తర్వాత కంప్యూటర్‌లో మళ్లీ జరిపించి చూశారు.

• పోరాడిన సైనికులను విచారించి, యుద్ధభూమిని పరిశీలించి, ఏ ట్యాంకు ఎప్పుడు ఎటు కదిలిందో, దేన్ని పేల్చిందో రాబట్టారు. ఆ వివరాలను ‘సిమ్‌నెట్’ అనే సైనిక శిక్షణ వ్యవస్థలోకి ఎక్కించారు.

• తెరపై ఆ పోరును ఆకాశం నుంచైనా, శత్రువు వైపు నుంచైనా చూసే వీలు కలిగింది.

• తర్వాత కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ‘జానస్’ సాఫ్ట్‌వేర్‌తో పరిస్థితులు మార్చి మార్చి పరీక్షించారు. ఇరాకీ దళాలు చేసిన పొరపాట్లను తీసేస్తే చాలు, అమెరికాకు అవే అధునాతన ఆయుధాలున్నా నష్టం బాగా పెరిగింది. గెలుపు కేవలం ఆయుధాల వల్లే రాలేదన్నమాట!