జర్మను విద్వద్రచనలలో స్త్రీపురుష వాచకములు

శ్రోతలారా! అని మిమ్ము పిలిచితిని. వ్యాకరణము ననుసరించి యిది పుంలింగశబ్దము. స్త్రీ యైనచో శ్రోత్రి యనవలెను. అరుగుమీది పెద్దలతోపాటు గడపలోపల నిలిచి వినుచున్న ఇల్లాండ్రును నా పిలుపులో చేరిరా? చేరిరనియే మనము తలంతుము. జర్మనీదేశపు విశ్వవిద్యాలయములలో ఇట్టి ప్రశ్నపైననే దాదాపు ఏబది సంవత్సరములుగా వాదము జరుగుచున్నది.

జర్మనుభాషయందును సంస్కృతమునందువలె మూడు లింగములు కలవు. మనకు భార్య యను నర్థమున దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము; వారికి బాలిక యని యర్థమిచ్చు 'మేడ్షెన్' నపుంసకము. చిక్కు వచ్చినది ఇచట కాదు, వృత్తులను పదవులను తెలుపు మాటలతో. విద్యార్థి 'ష్టుడెంట్', విద్యార్థిని 'ష్టుడెంటిన్'. బహువచనమున 'ష్టుడెంటెన్', 'ష్టుడెంటిన్నెన్'. ఇరువదిమంది విద్యార్థినులలో ఒక్క విద్యార్థి చేరినచో అందరును 'ష్టుడెంటె'నే యగుదురు. పాణిని చెప్పిన ఏకశేషము వంటిదే యిది. స్త్రీపురుషులను కలిపి చెప్పునపుడు పుంలింగము నిలుచును, స్త్రీలింగము లోపించును. నేను చాలకాలము దీనిని పాఠము చెప్పితిని. ఇందు లోపమున్నదని నాకెన్నడును తోచలేదు.

లోపమున్నదని చెప్పినవారి మాట వినుడు. జర్మనీలో స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశాధికారము బాడెనురాజ్యమున 1900లోను, ప్రష్యాలో 1908లోను లభించినది. అంతకుముందు 'ష్టుడెంటెన్' అన్న పురుషులే. స్త్రీలు వచ్చి చేరిరి, మాట మారలేదు. 1984లో లూయిజె పుష్ అను భాషాశాస్త్రజ్ఞురాలు జర్మను పురుషుల భాషగా నున్నదని పేరుపెట్టి ఒక గ్రంథమే ప్రకటించెను. 2001లో వెలువడిన పరిశోధనలలో, మీకు నచ్చిన కథానాయకులెవరని పుంలింగముతో అడిగినపుడు జనులు స్త్రీలను తక్కువగాను, ఉభయలింగములతో అడిగినపుడు ఎక్కువగాను పేర్కొనిరి.

నన్ను కదలించినది వేరొక యుదాహరణము. ఒక వైద్యవ్యాసమున ఈ మందు నూరుమంది 'పాట్సియెంటెన్'కు ఇచ్చితిమని యున్నదనుకొనుడు. ఆ రోగులందరును పురుషులా, స్త్రీలును కలరా? పుంలింగము రెండర్థములను ఇచ్చును. కావ్యమున శ్లేష భూషణము. శాస్త్రమున సందేహము దోషము. ఆ మందు రేపు ఒక స్త్రీకి ఇయ్యవలసివచ్చిన వైద్యుడు దేనిని నమ్మవలెను?

కొందరు గ్రంథాదియందు, ఇందలి పుంలింగము సర్వులకును వర్తించునని యొక టిప్పణి వ్రాసి ఊరకుండిరి. మన శాస్త్రకారుల పరిభాషవంటిదే కాని, పదిపుటలు దాటినపిదప చదువరికి అది జ్ఞప్తియందుండదు. కొందరు రెండురూపములును వ్రాసిరి. కొందరు 'ష్టుడీరెండె', అనగా చదువుచున్నవారు, అనిరి. బహువచనమున దానికి స్త్రీపురుషభేదము లేదు. నిద్రించుచున్నవాడును చదువుచున్నవాడేనా యని పరిహసించినవారును కలరు! 2013లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయము తన నిబంధనావళిలో స్త్రీలింగమునే వాడి, అది పురుషులకును వర్తించునని తెలిపినది. ఏకశేషము తలక్రిందైనది. పురుషులను 'ప్రొఫెసోరిన్' అని పిలువవలెనని పత్రికలు గగ్గోలు పెట్టినవి కాని, ఆ నియమము ఆ పత్రమునకే పరిమితము.

పిదప మాటనడుమ నక్షత్రపుగుర్తు వచ్చినది. స్త్రీయు పురుషుడును కానివారిని గూడ సూచించుటకది యుద్దేశింపబడినది. ఆ దేశపు జననమరణ పట్టికలలో 2018 చివరనే మూడవ వర్గమును చట్టము అంగీకరించినది. పలుకునపుడు గుర్తుచోట క్షణమాత్రము ఆగుదురు: ష్టుడెంట్ — ఇన్నెన్. విశ్వవిద్యాలయములు పెక్కు ఈ గుర్తునో, రెండుచుక్కలనో సిఫారసు చేయుచున్నవి. కాని జర్మను అక్షరక్రమసమితి 2021లో దీనిని నియమములలో చేర్చుకొనలేదు. బవేరియా ప్రభుత్వము 2024 ఏప్రిలు 1 నుండి తన కార్యాలయములందు, పాఠశాలలందు, విశ్వవిద్యాలయముల అధికారవ్యవహారములందు దీనిని నిషేధించినది. ఒకచోట కోరబడు గుర్తు మరియొకచోట కూడదు. ఊరు మారిన విద్యార్థిని ముందుగా తన శాఖవారి నియమమును అడిగి తెలిసికొనవలసి వచ్చుచున్నది.

వ్రాతలో గుర్తును చొప్పించుట నాచెవికి ఇంపుగా లేదు. అంధులకు గ్రంథములు చదివి వినిపించు యంత్రములకును అది యడ్డు. రోగుల లెక్క చెప్పునపుడు మాత్రము, వాక్యము పొడుగైనను, పురుషు లిందరు, స్త్రీ లిందరని వేర్వేరుగా వ్రాయుటయే నాకు సమ్మతము.